పాచిక రాసిన జ్ఞాపకం

ఏడేళ్ల తర్వాత మొదటిసారి లోకనాథానికి నిన్నటి సంగతి గుర్తుంది.

పొద్దున్నే మొహం కడుక్కుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు. "వంతెన కాలిపోయింది కదా, మరా ముసలి వైద్యుణ్ని ఒడ్డుకి చేర్చామా లేదా?"

హేమలత పెనం మీద దోసె తిప్పుతోంది. ఆయన పొంతన లేకుండా ఏదో ఒకటి అడగడం ఆమెకు అలవాటే. "ఏ వంతెనండీ?" అంది.

"అదేటి, నది మీద వంతెన. పడవ నేనే నడిపాను. నేతపని చేసే ఆవిడ ముందు కూర్చుంది. ఆవిడ గొంతు అచ్చం నీలాగే ఉంటాది. ముసలాయన ఆవిడ పక్కన. మీద నుంచి నిప్పులు రాలతన్నాయి. చుక్కాని విరిగిపోద్దనుకున్నాను, విరగలేదు."

దోసె మాడింది. హేమలత పొయ్యి కట్టేసింది. ఆ నేతపని చేసే ఆవిడ తనే. ఆ వంతెన తగలబడింది నిన్న మధ్యాహ్నం, ల్యాబులో, ఒక చెక్కబల్ల చుట్టూ కూర్చున్న నలుగురి మాటల్లో. ఆమె ఫోను తీసి, నిన్న ఆ కథ నడిపిన ఇమ్రాన్‌కి చేసింది. "తమ్ముడూ, ఆయనకి గుర్తుంది" అని మాత్రం అనగలిగింది.

లోకనాథం విశాఖ హార్బర్‌లో టగ్ బోటు సరంగు. పెద్ద ఓడలను తాళ్లతో లాగి రేవుకు చేర్చే చిన్న పడవను నడిపేవాడు. ముప్పై అయిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, మనిషి లేచాడు, నడిచాడు, నవ్వాడు. అంతకుముందు బతికిన బతుకంతా చెక్కుచెదరకుండా ఉంది. ఆ తర్వాతిది మాత్రం ఏదీ నిలవలేదు. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా ఆ టీ ఎవరిచ్చారో పోయేది.

జ్వరం వచ్చేనాటికి కూతురికి నాలుగేళ్లు. ఇంట్లో బుల్లి అనేవాళ్లు. ఆయనకు సంబంధించినంతవరకు బుల్లికి ఇప్పటికీ నాలుగేళ్లే. పదకొండేళ్ల ప్రణతి బడి సంచితో లోపలికొస్తే, "ఎవరమ్మా నువ్వు? మా బుల్లి పడుకుంది, తర్వాత ఆడుకుందురు గాని" అనేవాడు. మొదట్లో నిజం చెప్పేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ ముందు నవ్వేవాడు, ఆపైన బెదిరేవాడు, ఆపైన గోడ పట్టుకుని ఏడ్చేవాడు. కాసేపటికి అదీ మర్చిపోయేవాడు. పిల్ల మాత్రం మర్చిపోయేది కాదు. అందుకని చెప్పడం మానేశారు. ఆ ఇంట్లో ప్రణతి పక్కింటి అమ్మాయిగా కుదురుకుంది.

కళ్లద్దాల షాపులో హేమలతతో పనిచేసే ఒకామె ద్వారా డాక్టర్ మృణాళిని సంగతి తెలిసింది. సముద్రం వైపు కొండ మీద ఒక పరిశోధనాలయంలో ఆమె తీగలు కుట్టిన టోపీ ఒకటి తయారుచేసింది. హేమలత మొదటిసారి వెళ్లినప్పుడు మృణాళిని కాగితం మీద బొమ్మలేవీ గీయకుండా మాటల్లోనే చెప్పింది.

"చీకట్లో మెట్లు దిగుతాం చూడండి, ప్రతి మెట్టూ గుర్తుండదు. ఇంకో మెట్టుందనుకుని కాలేస్తే నేల తగుల్తుంది, గుండె ఝల్లుమంటుంది. అదొక్కటి గుర్తుండిపోతుంది. అనుకున్నది జరిగితే మెదడు రాసుకోదు. అనుకోనిది జరిగితేనే రాసుకుంటుంది. మీవారి మెదడులో రాసుకునే దారి పాడైంది. ఈ టోపీ ఆ ఝల్లుమనే క్షణాన్ని కనిపెట్టి, పక్కదారిలో రాయిస్తుంది."

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. ఆయన వెనక బెలూన్ పేల్చారు. మర్నాటికి ఎందుకో తెలియని దడ మాత్రం మిగిలింది. టీవీలో క్రికెట్ పెట్టారు. "ఎవడు నెగ్గితే నాకేటి?" అన్నాడు. పేకాట ఆడించారు, ఏమీ నిలవలేదు. ఉలిక్కిపడటం ఒక్కటే చాలదని, తనకు కావలసినదేదో పోతుందేమోనని ఎదురుచూసి ఉలిక్కిపడాలని మృణాళినికి మెల్లిగా అర్థమైంది. అలాంటిది ల్యాబులో ఎక్కడినుంచి తేవడం?

తెచ్చింది ఇమ్రాన్. టోపీ తీగలు చూసుకునే టెక్నీషియన్ అతను. ఆదివారాలు బీచ్ రోడ్డులో ఒక టీ దుకాణం మేడ మీద స్నేహితులతో కలిసి పాచికలాట ఆడేవాడు. అందులో గళ్లు, పావులు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టి, ఎదురైన చిక్కులో ఏం చేస్తారో చెబుతారు. చేయగలరో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

"అన్నా, మీరు ఎవరైనా కావచ్చు. రాజు, దొంగ, మాంత్రికుడు. ఎవరవుతారు?"

"సరంగుని."

"అది మీరే కదన్నా."

"ఇంకోటి నాకు రాదు బాబూ."

కథ నడిపేవాణ్ని సూత్రధారి అని పిలుద్దామన్నవాడు అప్పలనాయుడు. రిటైరైన రైల్వే గార్డు. కుర్రతనంలో పద్యనాటకాలు ఆడాడు. భార్య పోయాక మధ్యాహ్నాలు గడవక, బల్ల దగ్గరికి మనుషులు కావాలంటే తనంతట తాను వచ్చాడు. ముసలి వైద్యుడి పాత్ర ఆయనది. హేమలత తనకేమీ తోచక నేతగత్తె అయింది.

నియమం ఒకటే. పాచిక వేసే ముందు, ఎంత దాటాలో సూత్రధారి చెప్పేయాలి. దాటితే ఏం దక్కుతుందో, దాటకపోతే ఏం పోతుందో కూడా చెప్పేయాలి. ఆ తర్వాత పాచిక మాటే మాట.

"వంతెన మండుతోంది. మీరు దాని కింద నుంచే పోవాలి. పదకొండు దాటితే బయటపడతారు. దాటకపోతే చుక్కాని విరుగుతుంది" అన్నాడు ఇమ్రాన్ ఆ మొదటి రోజు.

లోకనాథం పాచిక విసిరాడు. అది బల్ల మీద దొర్లి, అంచుదాకా పోయి, అక్కడ గిరగిరా తిరిగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. పదహారు పడింది. పక్కగదిలో, అద్దం వెనక, ఆయన తల మీది టోపీకి కలిపిన తెర మీద ఒక గీత నిలువుగా లేవడం మృణాళిని చూసింది.

మర్నాడు పొద్దున హేమలత నుంచి ఫోను వచ్చింది.

ఆ చలికాలం ఆ ఇంటికి పండగలా గడిచింది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆట. మర్నాడంతా ఆయన దాని గురించే మాట్లాడేవాడు. ముసలి వైద్యుడికి తెడ్డు పట్టడం చేతకాదని విసుక్కునేవాడు. "వరద తీసేలోపు దిగువకి చేరాలి హేమా" అని తొందరపడేవాడు. రేపు అనే మాట ఆయన నోట ఏడేళ్లుగా వినపడలేదు.

బల్ల దగ్గర తగాదాలూ ఉండేవి. అప్పలనాయుడు ఇమ్రాన్ దగ్గర నియమాల పుస్తకం అడిగి తీసుకుని, ఇంటి దగ్గర చదువుకుని వచ్చేవాడు. హేమలత ఎప్పుడైనా "పోనీ ఇంకోసారి వేస్తానండీ" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"అలగెలాగమ్మా? జెండా ఊపకండా బండి కదిలితే ఏటవుద్ది? రూలు రూలే."

ఒకరోజు ఆయన పాత్రనే పాము కరిచింది. ఇమ్రాన్‌కి జాలేసి పాచిక మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆరు పడితే పదమూడని చెప్పాడు. తెర మీద గీత లేవలేదు. ఆ మధ్యాహ్నం సంగతులేవీ మర్నాటికి లోకనాథానికి మిగల్లేదు.

"ఏమవుతుందో నీకు ముందే తెలిస్తే నీ గొంతులో ఆ తేడా వచ్చేస్తుంది ఇమ్రాన్. నీ గొంతు వింటున్న మెదడు దాన్ని పట్టేస్తుంది" అంది మృణాళిని. అప్పటినుంచి బల్ల మధ్యలో ఒక ఇత్తడి పళ్లెం పెట్టారు. ఎవరు వేసినా పాచిక అందులోనే, అందరి కళ్ల ముందే.

అంత సంతోషంలోనూ ఒక వెలితి ఉందని హేమలత ముందుగా గమనించింది. ఆయనకు నది గుర్తుంది. పడవ గుర్తుంది. బల్ల, పళ్లెం, పాచిక, ల్యాబు ఏవీ గుర్తులేవు. వాటిలో ఉలిక్కిపడేదేమీ లేదు కాబట్టి మెదడు వాటిని రాసుకోలేదు. అందువల్ల అది ఆట అన్న సంగతీ నిలవలేదు. బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఆట అని తెలుసు. ఇంటికొచ్చాక అది జరిగిన సంగతి. ఇమ్రాన్ వర్ణించిన నదీతీరపు మొహాలే ఆయనకు కనిపించేవి. అసలు మనుషుల్లో గొంతులు మాత్రం మిగిలేవి.

అయినా ఆశ చావలేదు. నిరుడు చనిపోయిన అత్తగారి కబురు ఆయనకు ఎప్పటికీ నిలవలేదు. ఆ కబురును ఆటలోకి తేవాలని హేమలత ప్రయత్నించింది. నేతగత్తె అత్తగారికి జబ్బు చేసినట్టు ఇమ్రాన్ కథ నడిపాడు. పాచిక తక్కువ పడింది. ముసలామె పోయింది. మర్నాడు లోకనాథం దిగులుగా లేచి, "పాపం, ఆ నేతపని చేసే ఆవిడ అత్తగారు పోయిందట. ఓసారి ఎళ్లి పలకరించొద్దామా?" అన్నాడు. తన తల్లి ఊళ్లో క్షేమంగా ఉందనే ఆయన నమ్మకం. హేమలత ఇంక ఆ ప్రయత్నం చేయలేదు.

"నేనూ వస్తానమ్మా" అంది ప్రణతి ఒకరోజు.

"నువ్వెందుకే?"

"నాన్నకి అక్కడివాళ్లు గుర్తుంటున్నారు కదా."

అయిదో కుర్చీ వేశారు. ప్రణతి తన పాత్రకు చుక్క అని పేరు పెట్టుకుంది. గవ్వలు ఏరి అమ్ముకునే అనాథ పిల్ల, ముందుపన్ను ఊడింది, కురచ జుట్టు. చుక్క మాట్లాడేటప్పుడు ప్రణతి గొంతు సన్నగా చేసి, మాట చివర సాగదీసేది. మొదటి రోజే పడవలో దొంగతనంగా ఎక్కి దొరికిపోయింది.

"దించేస్తావా సరంగు మావా?"

"దించేస్తే మొసళ్లు తింటాయి. కూకో" అన్నాడు లోకనాథం, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు పొద్దున బడికెళ్లే ముందు ప్రణతి ఇడ్లీ తింటూ వింది. పక్కింటి అమ్మాయనుకుని ఆయన ఆమెకే చెబుతున్నాడు. "నిన్న మా పడవలోకి ఒక పిల్ల ఎక్కిందమ్మా. ఎంత గడుసుదో! నువ్వూ దాన్ని చూస్తే వదలవు." ప్రణతి ఇడ్లీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. తను నిన్న అన్న మాటలు తండ్రి నోట వినడం ఆమెకు బుద్ధి తెలిశాక అదే మొదలు.

అప్పటినుంచి ఆటంతా చుక్క చుట్టూ తిరిగింది. ఆయన దానికి ముడులు వేయడం నేర్పాడు, గాలిని బట్టి పడవ తిప్పడం నేర్పాడు. నిజంగానే తాడు తెప్పించుకుని బల్ల మీద చూపించేవాడు. ఇంటికొచ్చాక ప్రణతి ఆ ముడులు కిటికీ ఊచలకు కట్టుకునేది.

ఎండాకాలం వచ్చేసరికి గీత తగ్గడం మొదలైంది.

మొదట అక్కడక్కడ పోయింది. తర్వాత మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలే పోయాయి. ఒక పొద్దున లోకనాథం, "చుక్క కనపడి శానా రోజులైంది" అన్నాడు. ముందురోజంతా దానితోనే గడిపాడు.

మృణాళిని హేమలతనూ ఇమ్రాన్‌నూ గదిలో కూర్చోబెట్టింది. "ఇన్ని నెలల్లో పడవలో ఉన్నవాళ్లెవరూ చనిపోలేదు. ఏం జరిగినా వీళ్లు బతికి బయటపడతారని ఆయన మెదడు తెలుసుకుంది. తెలిసినదాన్ని రాసుకోదు. ప్రమాదం నిజంగా ఉండాలి."

"అంటే?" అంది హేమలత.

"మరణం పాచికలో ఉండాలి. వస్తుందని కాదు, రావచ్చని. ఆయన ఎక్కువ ప్రేమించే మనిషికి."

హేమలతకు అర్థమై లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. వద్దంటే చుక్క కొద్దికొద్దిగా చెరిగిపోతుంది, ఎటూ పోతుంది. సరేనంటే పోవచ్చు, ఉండనూవచ్చు. ఇంటికొచ్చి ప్రణతిని అడిగింది.

"అంకె తక్కువ పెట్టమను ఇమ్రాన్ మావయ్యని. నాలుగు పెట్టమను. ఇరవైలో నాలుగంటే ఏం కాదమ్మా" అంది ప్రణతి. "నన్ను మర్చిపోతున్నాడు కదా."

ఆ రోజు కథలో గాలివాన. నది సముద్రంలో కలిసే చోట పడవ చిక్కుకుంది. మోకు ఒడ్డుకి చేర్చి కట్టకపోతే పడవ బద్దలవుతుంది.

"నేను నడుముకి మోకు కట్టుకుని దూకుతాను" అంది ప్రణతి చుక్క గొంతుతో.

"వద్దు. నేనెళ్తాను."

"నువ్వెళ్తే చుక్కాని ఎవరు పడతారు మావా?"

సరంగుకి ఆ సంగతి తెలుసు. ఇమ్రాన్ అద్దం వైపు చూసి, పళ్లెం వైపు చూశాడు. "నాలుగు దాటితే చుక్క ఒడ్డు చేరుతుంది. దాటకపోతే..." పాచికను ప్రణతి వైపు జరిపాడు. "దాటకపోతే మునిగిపోతుంది."

ప్రణతి పాచికను రెండు చేతుల మధ్య ఆడించి పళ్లెంలో వేసింది. చిన్న మోత చేసి తొందరగానే ఆగింది. రెండు.

ముందుగా అప్పలనాయుడు తేరుకున్నాడు. "సరంగుకి ఒక వంతుంది. పక్కమనిషి కాపాడొచ్చు, పుస్తకంలో ఉంది" అన్నాడు.

"ఉంది" అన్నాడు ఇమ్రాన్ ఆత్రంగా. "పది దాటాలన్నా."

లోకనాథం వేశాడు. తొమ్మిది.

"మళ్లీ దూకుతాను."

"అన్నా, ఒక్కసారే..."

"నీట్లో దూకడానికి ఎన్నిసార్లని ఎవడు సెప్పాడు? పైకొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ దూకుతాను."

"ఈసారి పద్నాలుగు దాటాలి."

ఆరు పడింది.

హేమలత పళ్లెం మీద చెయ్యి పెట్టేసింది. "ఇది లెక్కలోకి రాదు. మొదటినుంచి మళ్లీ వేద్దాం. ఇమ్రాన్, ఏదో ఒకటి చెప్పు తమ్ముడూ. కొమ్మ దొరికిందని చెప్పు. ఎవరో జాలరి తీశాడని చెప్పు."

ఇమ్రాన్ చెప్పడానికి సిద్ధపడ్డాడు. అతని చూపు అనుకోకుండా అప్పలనాయుడి మీదికి పోయింది.

"పడింది పడిందేనమ్మా" అన్నాడు అప్పలనాయుడు. ఇన్ని నెలల అలవాటులో నోటికొచ్చేసిన మాట అది. అనేశాక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ మాటలేవీ లోకనాథం వినడం లేదు. కళ్లు మూసుకున్నాడు. చేతులు బల్ల మీద గాలిలో ఏదో వెతుకుతున్నాయి. హార్బర్‌లో పనిచేసిన రోజుల్లో నీళ్లలోంచి మనుషుల్ని తీసిన చేతులవి. ఎలా వెతకాలో వాటికి తెలుసు.

"దొరికింది" అన్నాడు. "మోకు లాగండి. కాళ్లకి నాచు సుట్టుకుంది. మెల్లగా. తల పట్టుకోండి, తల." చేతులు దేన్నో ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాయి. నుదుటి మీద జుట్టు తీశాయి. "చెయ్యి సల్లగా ఉందిరా."

ప్రణతి ఎదురుగా కూర్చుని ఉంది. "నాన్నా" అంది తన మామూలు గొంతుతో. ఆయన తలెత్తలేదు. "నాన్నా, ఇటు చూడు. ఆటే కదా." ఆయన చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. ఒంగి, ఖాళీ బల్లను గుండెకు హత్తుకున్నాడు.

అద్దం వెనక గీత తెర పైఅంచుకు తాకి, అక్కడే నిలబడింది. మృణాళిని పరుగెత్తుకొచ్చి టోపీ తీసేసింది. అప్పటికే అది రాయాల్సింది రాసేసింది.

మర్నాడు తెల్లవారి లోకనాథం మంచం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "చుక్క పోయింది హేమా" అన్నాడు. ఆ మర్నాడూ అదే అన్నాడు. ఆ తర్వాత వారమూ, నెలా.

మనకు ఒక మనిషి పోతే ఆ పైన రోజులు వచ్చి పడతాయి. వండుకుంటాం, తింటాం, ఎవరితోనో నవ్వుతాం, కొద్దికొద్దిగా దుఃఖం అడుక్కి పోతుంది. లోకనాథానికి ఆ పైన వచ్చే రోజేదీ నిలవదు. అందువల్ల చుక్క ఎప్పుడూ నిన్ననే మునిగింది. చెయ్యి ఎప్పుడూ ఇంకా చల్లగానే ఉంది.

ఒక ప్రయత్నం చేశారు. మళ్లీ బల్ల చుట్టూ కూర్చున్నారు. నదిలో ముని ఒకడు కనబడి, చుక్క చావలేదని, తన గుడిసెలో ఉందని చెప్పినట్టు ఇమ్రాన్ కథ నడిపాడు. లోకనాథం మొహం ఎర్రబడింది.

"నా చేతుల్తో తీశాను. నేనే పాతిపెట్టాను. ఎవడితో ఎటకారం?"

అప్పుడు ప్రణతి సన్నటి గొంతు చేసి, "సరంగు మావా, నేనే. నిజంగా నేనే" అంది.

ఆయన కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. పాలిపోయాడు. చచ్చిన పిల్ల గొంతుతో పిలుస్తున్నదేదో దయ్యమని గోడకు అంటుకుపోయాడు. టోపీ తన పని తాను చేసింది. అది కూడా నిలిచిపోయింది. ఇప్పుడు ఆయనకు చుక్క చావుతోపాటు, నదిలో దాని గొంతుతో తిరిగే దయ్యమూ ఉంది. ఆ రోజు తర్వాత ప్రణతి ఎప్పుడూ ఎక్కడా గొంతు సన్నగా చేయలేదు. బడిలో పాట పాడమన్నా పాడలేదు.

"తీసేయండి" అంది హేమలత మృణాళినితో. "ఎలా పెట్టారో అలాగే తీసేయండి."

మృణాళిని బల్ల మీద గోరుతో గీసింది. "రాయించడం వరకే నాకు తెలిసిందమ్మా. చెరపడం నాకు రాదు. ఎవరికీ రాదు."

"నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"నేను అడక్కుండా ఉండాల్సింది."

వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. మృణాళిని పైవాళ్లకు పంపిన నివేదికలో ప్రయోగం ఫలించిందనే రాయాల్సి వచ్చింది. రోగికి జ్ఞాపకం నిలిచింది, నెలలు గడిచినా చెదరలేదు, అది నిజమే కదా. ఇమ్రాన్ ఉద్యోగం మానేసి ఏదో కంపెనీలో చేరాడు. స్నేహితులు ఆదివారాలు ఆటకు పిలిచినా అతను పోవడం లేదని హేమలత వింది.

అప్పలనాయుడు ఒకసారి బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చాడు. "బాగున్నారా?" అన్నాడు గడపలోంచి. లోకనాథం ఆ గొంతు విని దిగ్గున లేచి వెళ్లి ఆయన్ని వాటేసుకున్నాడు. "వైద్యుడా, నువ్వూ ఉన్నావు కదయ్యా ఆ రోజు. మనిద్దరం ఉండి పిల్లని తియ్యలేకపోయాం." ముసలాయన బత్తాయిలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. మరి రాలేదు.

ప్రణతి ఏడో తరగతికొచ్చింది. మల్కాపురంలో వాళ్ల ఇంటి వరండాలోంచి హార్బర్ క్రేన్లు కనిపిస్తాయి. బడి నుంచి వచ్చేసరికి లోకనాథం అక్కడ కూర్చుని వాటినే చూస్తుంటాడు. ఆమె మెట్లెక్కి, సంచి దించి, పై మెట్టు మీద కూర్చుంటుంది.

"ఎవరమ్మా?"

"పక్కింటి అమ్మాయినండీ. ఏంటలా ఉన్నారు?"

ఆయన చెప్పడం మొదలుపెడతాడు. తల్లి మొదట్లో కోప్పడింది. రోజూ ఎందుకే ఆ కథ వినడం, నువ్వు లేచి లోపలికి రా, అంది. ప్రణతి వినలేదు. ఆయన చుక్క గురించి మాట్లాడినంత ప్రేమగా ఈ లోకంలో మరి దేని గురించీ మాట్లాడడు.

"నీ అంతే ఉండేది. ముడి వెయ్యడం ఒకసారి చూపిస్తే చాలు, పట్టేసేది. నేను ఇరవయ్యేళ్లు నీళ్ల మీద బతికాను, అంత తొందరగా నేర్చుకున్నోణ్ని చూడలేదు."

"మీకు బాగా ఇష్టమా?"

"ఇష్టమంటే..." ఆయన క్రేన్ల వైపు చూశాడు. "నాకు ఒక కూతురుందమ్మా, సిన్నది. పెద్దయ్యాక చుక్కలాగ అవ్వాలనుకునేవాణ్ని. ఇప్పుడొద్దు. దానికి ఈత నేర్పను. నీటి దగ్గరికే పోనివ్వను."

"చుక్క భయపడిందా?"

"లేదు. మోకు కట్టుకుని నా వైపు చూసి నవ్వింది. పన్ను లేదు కదా, నవ్వితే గాలొచ్చేది." అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "రెండుసార్లు దూకాను. అందలేదు. ఇంకొక్క మూరెడు."

ప్రణతి చెయ్యి చాపితే ఆ అరచేతులు అందుతాయి. చాపలేదు. ఒకసారి చాపితే ఆయన వెనక్కి జరిగి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

వీధిలో దీపాలు వెలిగాయి. లోకనాథం కళ్లు తుడుచుకుని, ఎదురుగా కూర్చున్న పిల్లను అప్పుడే చూసినట్టు చూశాడు. మనిషిలో పాత మర్యాద మేలుకుంది.

"పొద్దుపోయిందమ్మా. మీ నాన్న ఎదురుచూస్తుంటాడు, ఎళ్లు."

"వెళ్తున్నానండీ" అంది ప్రణతి.

సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులు వేసుకుని, గేటు దగ్గరగా వేసి, ఆయన చూస్తూ ఉంటాడని వీధి చివరిదాకా నడిచింది. అక్కడ మలుపు తిరిగి, ఇళ్ల వెనక సందులోంచి వచ్చి, పెరటి తలుపు నెట్టింది. హేమలత కంచంలో అన్నం పెట్టి ఉంచింది. ప్రణతి చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, గోడవారన కూర్చుని, చప్పుడు కాకుండా తింది.